బడిలో ఓట్లు, బానలో నీళ్లు

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచరుకు బడిలో తప్పకుండా ఒక పని అంటగడతారు. "విద్యార్థి సంఘం మీరు చూసుకోండి" అంటారు. దానివల్ల పేరూ రాదు, తీరికా ఉండదు. అందుకే సీనియర్లు ఎవరూ ముట్టుకోరు. నా నెత్తినా అట్లాగే పడింది. తర్వాత ఎవరైనా తీసుకుంటామన్నా నేను వదల్లేదు.

నేను సోషల్ మాస్టర్ని. చివరికి హెడ్మాస్టరునయ్యాను. ఆ ప్రమోషన్ల కథ ఎవరికీ పనికిరాదు కనుక రాయను. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మొదలుపెట్టి, ఆంధ్రప్రదేశ్ అయిన తర్వాత కూడా చాలాకాలం, జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు బడుల్లో పిల్లల చేత పిల్లల పాలన నడిపించాను. నడిపించాను అనడం తప్పేమో. వాళ్లు నడుపుతుంటే ఎవరూ అడ్డుపడకుండా చూశాను. ఈ పని ఇప్పుడు నెత్తిన పడినవాళ్ల కోసం రాస్తున్నాను.

జమ్మలమడుగు: పేర్లు రాసే నాయకుడు

జమ్మలమడుగులో మా హెడ్మాస్టరు మంచి లెక్కల మాస్టరు. క్రమశిక్షణ అంటే ప్రాణం. ఏటా బడి తెరవగానే ఆరో ఫారంలో, అంటే అప్పటి బడి చివరి తరగతిలో, బాగా చదివే ఒక పిల్లవాణ్ని పిలిచి, "ఈ ఏడు నువ్వే స్కూలు లీడరువి" అని చొక్కాకు ఒక బిళ్ల గుచ్చేవారు. విద్యార్థి సంఘమంటే అంతే. టీచరు క్లాసులో లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం, ప్రార్థనకు ఆలస్యంగా వచ్చినవాళ్లను వరుసలోంచి పక్కకు లాగడం లీడరు పని.

నేను చేరిన ఏడు ఆ బిళ్ల పిచ్చయ్య అనే పిల్లవాడికి దక్కింది. మెత్తనివాడు. వేసవి సెలవులు దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చి, బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నాకొద్దు సార్. నన్నెవురూ ఆటకు పిలుచ్చాలేదు" అన్నాడు.

అందరూ వాణ్ని హెడ్మాస్టరు మనిషిగా చూస్తున్నారు. వాడు వస్తే మాటలు ఆపేస్తున్నారు. పేరుకు వాడు పిల్లల నాయకుడు. పిల్లల్లో ఒక్కడూ వాడివాడు కాడు. మనం చేసేది నాయకుణ్ని తయారు చేయడం కాదు, చిన్న పోలీసును తయారు చేయడమని నాకు ఆ రోజు అర్థమైంది. హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లి, వచ్చే ఏడు ఓట్లు పెడదామని అడిగాను. దేశంలో పెద్దవాళ్లకు ఇచ్చిన ఓట్లు చాలవా, పిల్లలకు కూడా ఎందుకని ఆయన నవ్వారు. రెండో ఏడూ అడిగాను, మూడో ఏడూ అడిగాను. మూడో ఏడు నవ్వలేదు, విసుక్కున్నారు. ఆ తర్వాత నన్ను పులివెందులకు బదిలీ చేశారు. రెండింటికీ సంబంధం ఉందో లేదో నేను ఆరా తీయలేదు.

పులివెందుల: లాంతరు, గొడుగు

పులివెందుల హెడ్మాస్టరు సుబ్రహ్మణ్యం గారు కోస్తా నుంచి వచ్చినవారు. భయస్థుడని ఊళ్లో పేరు. భయం ఉన్నమాట నిజమే. కానీ చెప్పింది చివరిదాకా వినేవారు. ఓట్ల సంగతి చెబితే, "గొడవ కాకుండా చూసుకుంటానంటే కానీయండి" అన్నారు. గొడవ కాదని నేను మాట ఇవ్వలేదు. గొడవైతే బడి గేటు దాటకుండా చూస్తానన్నాను.

ఆ రోజుల్లో పెద్ద ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది. పెట్టె మీద గుర్తు అంటించేవారు. మేమూ అట్లాగే చేశాం. సుద్దముక్కలు వచ్చే చెక్కపెట్టెలకు కాగితం అంటించి, ఒకదాని మీద లాంతరు, ఇంకోదాని మీద గొడుగు బొమ్మ వేయించాం. డ్రాయింగు గది తలుపుకు దుప్పటి కట్టి, నచ్చిన పెట్టెలో వేయడానికి చేతికొక చీటీ ఇచ్చి, లోపలికి ఒక్కొక్కరినే పంపాం.

లాంతరు మస్తానుది. వాళ్ల నాయన ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. గొడుగు రామ్మోహనుది. వాళ్ల నాయన శేషప్ప పెద్ద భూస్వామి. ఊళ్లో ఏ పంచాయితీ అయినా ఆయన మాటతోనే తెగేది. రామ్మోహను గెలుస్తాడని టీచర్లందరూ ముందే తేల్చేశారు. పెట్టెలు విప్పితే లాంతరు గెలిచింది. చిన్న ఫారాల పిల్లలు, ఆడపిల్లలు, హాస్టలు పిల్లలు దానికే వేశారు.

రామ్మోహను ముఖం మాడిపోయింది. అయినా వచ్చి మస్తాను చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లాడు. ఆ సాయంత్రం నేను వాడితో విడిగా మాట్లాడాను. సంఘంలో ప్రతిపక్ష నాయకుడని ఒక పదవి ఉంటుందని, గెలిచినవాడు పెట్టుకునే మంత్రులను ప్రశ్నలడగడం అతని పని అని, ఆ కుర్చీ వాడిదేనని చెప్పాను. ఓడిపోయినోళ్లకు కూడా కుర్చీ ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాను. ఆలోచించి వస్తానన్నాడు. మరునాడే వచ్చాడు.

కొత్త టీచర్లు ఇక్కడ ఒకటి గుర్తు పెట్టుకోవాలి. గెలిచినవాణ్ని అందరూ చూసుకుంటారు. ఓడిపోయినవాణ్ని ఆ సాయంత్రం మీరు చూసుకోకపోతే, వాడు బడి బయట తన సంఘం తాను పెట్టుకుంటాడు.

ఆరోగ్య మంత్రి

మరుసటి సోమవారం ప్రార్థన దగ్గర మస్తాను మంత్రుల పేర్లు చదివాడు. ఆటలకు ఒకరు, తోటకు ఒకరు, గ్రంథాలయానికి ఒకరు. "ఆరోగ్య మంత్రి ఓబులేసు" అన్నప్పుడు వరుసల్లో గుసగుసలు లేచాయి.

అందుకు కారణం ఉంది. ఓబులేసు హాస్టలు పిల్లవాడు. దాన్ని అప్పట్లో హరిజన హాస్టలు అనేవారు. ఆరోగ్య మంత్రి ముఖ్యమైన పని తాగే నీళ్లు చూసుకోవడం. బడి వరండాలో రెండు పెద్ద మట్టి బానలు ఉండేవి. బావి నుంచి నీళ్లు తెచ్చి నింపించడం, బానలు కడిగించడం, మూతలు పెట్టించడం ఆ మంత్రి చేయించాలి, అవసరమైతే తానే చేయాలి. మా బడిలో ఏనాటి నుంచో ఒక అలవాటు ఉంది. మిగతా పిల్లలు చెంబుతో తామే ముంచుకుని తాగుతారు. హాస్టలు పిల్లలు మాత్రం వరండా కింద నిలబడి దోసిలి పడితే, ప్యూను వచ్చి పైనుంచి పోస్తాడు. ప్యూను వేరే పనిలో ఉంటే వాళ్లు ఎండలో నిలబడాల్సిందే. గంట కొట్టేస్తే దాహంతోనే క్లాసుకు పోవాల్సిందే. దీన్ని ఎవరూ రూలుగా రాయలేదు. అందుకే ఎవరూ తీసేయలేదు కూడా.

ఓబులేసునే ఎందుకు పెట్టావని మస్తానును అడిగాను. వాడు ఏ సిద్ధాంతమూ చెప్పలేదు. నీళ్లకోసం అందరికంటే ఎక్కువసేపు నిలబడేది వాడే కనుక, అక్కడ ఏం లోటు ఉందో వాడికే బాగా తెలుసన్నాడు.

ఓబులేసు మరునాడు గంటకు ముందే వచ్చాడు. కొబ్బరి పీచు, బూడిద తెచ్చుకున్నాడు. బానలు రెండూ బోర్లించి లోపలా బయటా తోమాడు. బావి నుంచి నీళ్లు మోసి నింపాడు. పలచని గుడ్డతో వడగట్టాడు. అడుగున నాచు పట్టి ఉన్న బానలు ఆ రోజు మెరిశాయి. మొదటి విరామంలో పిల్లలు వచ్చి చూశారు. కొందరు తాగారు. చాలామంది తాగకుండా వెనక్కి పోయారు. కొందరు గేటు దాటి హోటలు దాకా వెళ్లి తాగి వచ్చారు.

మధ్యాహ్నానికి సుబ్రహ్మణ్యం గారు నన్ను పిలిపించారు. ఓబులేసును ఆటల మంత్రిని చేసి, ఆటల వాణ్ని నీళ్లకు మారిస్తే ఎవరికీ నష్టం లేదు కదా అన్నారు. ఆ మాటలో దుర్బుద్ధి లేదు. ఆయనకు బడి నడవాలి. పిల్లవాణ్నే అడుగుదామన్నాను. ఓబులేసు వచ్చి గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మని హెడ్మాస్టరు గారే పిలిచారు. ఆటలు చూసుకుంటావా నాయనా అని మెల్లగా అడిగారు.

"ఆటలు నాకు రావు సార్. నీళ్ల పని వచ్చు. నేను సరిగ్గా చేయలేదంటే తీసేయండి, పోతా. బాన సరిగ్గా కడగలేదా సార్?"

హెడ్మాస్టరు గారు బాగానే కడిగావన్నారు.

"మరి ఎందుకు తీసేస్తాండారో అది చెప్పండి సార్. చెప్తే మా నాయనకు పోయి చెప్తా."

వాడి గొంతులో ఎదిరింపు లేదు. కన్నీళ్లూ లేవు. సమాధానం కోసం నిజంగానే నిలబడ్డాడు. ఆ కారణం పైకి పలకడానికి సుబ్రహ్మణ్యం గారికి నోరు రాలేదు. చివరికి ఆయనే, "క్లాసుకు వెళ్లు, నీ పని నీదే" అన్నారు. వాడు వెళ్లాక నా వైపు తిరిగి, ఇప్పుడేం చేద్దామన్నారు. పిల్లలు పెట్టుకున్న మంత్రి కనుక పిల్లలనే తేల్చమందాం అన్నాను.

ఓటు

సంఘం సమావేశం పెట్టాం. ఒక్కో క్లాసు నుంచి ఇద్దరు సభ్యులు. హెడ్మాస్టరు గారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఒక్క మాటా మాట్లాడలేదు.

రామ్మోహను లేచి సూటిగానే చెప్పాడు. ఓబులేసు మీద తనకు కోపం లేదన్నాడు. బానలు శుభ్రంగా ఉన్నమాట నిజమేనన్నాడు. కానీ ఇండ్లలో పెద్దోళ్లు ఒప్పుకోరని, పిల్లలు ఎండలో హోటలుకు పోతున్నారని, ఊరంతా మనసు మార్చుకునేదాకా పని మార్చితే ఏం పోతుందని అడిగాడు. వాడు మాట్లాడుతుంటే చాలామంది తలలూపారు.

మస్తాను జవాబు పొడుగ్గా లేదు. పని చేసేవాణ్ని పని చూసి తీసేయాలి గానీ, పుట్టుక చూసి తీసేస్తే రేపు కళాయి పోసేవాడి కొడుకువని తననూ తీసేస్తారన్నాడు. ఆ మాట చిన్న ఫారాల పిల్లలకు బాగా తగిలింది. వాళ్లందరి ఇండ్లలోనూ ఏదో ఒక చేతిపని ఉంది.

ఓటుకు ముందు రామ్మోహను ఒక సవరణ పెట్టాడు. తీర్మానం ఏదైనా సరే, తాగమని ఎవరినీ బలవంతం చేయరాదు, తాగనివాణ్ని ఎవరూ ఎగతాళి చేయరాదు. మస్తాను ఒప్పుకున్నాడు. ఓబులేసు కూడా ఒప్పుకున్నాడు. తర్వాత చేతులెత్తారు. ఓబులేసు పని ఓబులేసుదే, చెంబు అందరికీ ఒకటే, ఎవరికి వారే ముంచుకోవాలి అన్న తీర్మానం నెగ్గింది. పెద్ద తేడాతో కాదు. రామ్మోహను రెండోసారి ఓడిపోయాడు.

మరునాడు హాస్టలు పిల్లలు వరండా ఎక్కి, వరుసలో నిలబడి, తామే నీళ్లు ముంచుకుని తాగారు. నేను స్టాఫు రూము కిటికీలోంచి చూశాను. చెంబు ఒకరి నుంచి ఒకరికి అందుకోవడంలో కాస్త తడబడ్డారు. వాళ్లకది అలవాటు లేని పని.

శేషప్ప రాక

వారం తిరగకముందే శేషప్ప వచ్చాడు. వెంట ఇంకొందరు పెద్దమనుషులు. హెడ్మాస్టరు గారు కుర్చీలు వేయించారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. పెంచాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. బడి అంటే తనకు గౌరవమని, ఈ గదులకు రాళ్లు తోలించింది తానేనని గుర్తుచేశాడు. పిల్లకాయల ఆటలకు ఊరు రెండుగా చీలడం మంచిది కాదని, సంఘం రద్దు చేసి పాత పద్ధతే ఉంచమని అన్నాడు. తన కొడుకు కూడా వద్దన్నాడని విన్నానని, వాణ్ని పిలిపించి అడగండని చెప్పాడు.

రామ్మోహను వచ్చాడు. తండ్రిని చూసి చేతులు కట్టుకున్నాడు.

"ఏం జరిగిందో సార్లకు చెప్పు" అన్నాడు శేషప్ప.

"వద్దనే చెప్పినా నాయనా. ఓటు పెట్టినారు. ఓడిపోయినా."

"అందుకే గదా నేను వచ్చింది. రద్దు చేయమని చెప్తాండా."

నాకైతే వాడు తల ఊపి పోతాడనిపించింది. పదహారేళ్లు నిండని పిల్లవాడు. ఎదురుగా ఉన్నది ఆ తండ్రి.

"రద్దు చేయించొద్దు నాయనా" అన్నాడు. "వచ్చే ఏడు నేను మళ్లీ నిలబడతా. గెలుస్తా. అప్పుడు ఇంకెవురో వాళ్ల నాయన వచ్చి రద్దు చేయమంటే, నేనేం చెప్పాల?"

శేషప్ప కొడుకును కిందినుంచి మీదిదాకా చూశాడు. కోపమో, ఇంకేదో నాకు తెలియలేదు. "నువ్వు తాగుతాండావా ఆ నీళ్లు?" అని అడిగాడు.

"లేదు. తాగమని ఎవురూ బలవంతం చేయలేదు. ఆ మాట రాయించింది నేనే."

అప్పుడు సుబ్రహ్మణ్యం గారు లేచి నిలబడ్డారు. "శేషప్ప గారూ, సంఘాన్ని నేను రద్దు చేయను. పై అధికారులకు రాసుకుంటానంటే రాసుకోండి. నన్ను మార్చి ఇంకొకరిని తెచ్చుకోండి. నేనున్నంతవరకు ఓటు ఓటే" అన్నారు. భయస్థుడని పేరున్న మనిషి అన్న మాటలవి. ఆ భయం ఆ రోజు కూడా ఆయన ముఖంలో కనపడుతూనే ఉంది. భయపడుతూనే అన్నారు. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

శేషప్ప పై అధికారులకు రాశాడో లేదో తెలియదు. ఎవరూ విచారణకు రాలేదు. రామ్మోహను కొన్ని రోజులు బడికి రాలేదు. నేను వాళ్ల ఇంటికి పోదామని బయలుదేరిన రోజే, దారిలో పుస్తకాలతో ఎదురొచ్చాడు. ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

అందరి మనసులూ మారిపోయాయని రాస్తే అబద్ధమవుతుంది. ఆ ఏడంతా కొందరు సీసాల్లో ఇంటి నీళ్లు తెచ్చుకున్నారు. ఇద్దరు ముగ్గురు బడి మారారు. రామ్మోహను ఆ బానల్లో నీళ్లు తాగగా నేను చూడలేదు. కానీ ఎండలు ముదిరేకొద్దీ సీసాలు తగ్గాయి. హోటలు దాకా నడిచేవాళ్లు వరండా దగ్గరే ఆగిపోసాగారు. ఒక ఫారం పిల్లలు, ఇంకో ఫారం పిల్లలు అని తేడా లేకుండా బానల చుట్టూ మూగి, ముందు నాకంటే నాకని చెంబు కోసం తోసుకున్నారు. ఆ తోపులాట ఆపడం ఓబులేసుకు కొత్త పనైంది.

మస్తాను ఆరో ఫారం ముగించి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు రామ్మోహను నిలబడ్డాడు, గెలిచాడు. ప్రార్థన దగ్గర మంత్రుల పేర్లు చదివాడు. అన్ని పేర్లూ మార్చాడు, ఒక్కటి తప్ప. "ఆరోగ్య మంత్రి ఓబులేసు" అని చదివి, వరుసల వైపు ఒకసారి చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈసారి గుసగుసలు లేవు.

ప్రొద్దుటూరు: కారణం రాయండి

ఇన్నాళ్లూ హెడ్మాస్టర్లతో పిల్లల తరఫున వాదించిన నేను, ప్రొద్దుటూరులో హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నాను. కూర్చోగానే అక్కడినుంచి లోకం వేరుగా కనపడుతుందని తెలిసింది. పిల్లలు ఏ తీర్మానం చేసినా ముందు ఊరు గుర్తొస్తుంది, తర్వాత ఇన్‌స్పెక్టరు గుర్తొస్తాడు. ఇది నాకు ముందే అనుమానమున్న సంగతే. అందుకని మొదటి నెలలోనే ఒక నియమం పెట్టించాను. సంఘం చేసిన ఏ తీర్మానాన్నైనా హెడ్మాస్టరు తోసిపుచ్చవచ్చు. కానీ ఎందుకు తోసిపుచ్చాడో కారణం తన చేత్తో రాసి, సంతకం పెట్టి, నోటీసు బోర్డులో అంటించాలి.

కొన్నిసార్లు తోసిపుచ్చాను కూడా. పరీక్షల ముందు విహారయాత్ర వద్దన్నాను. కారణం రాశాను. పిల్లలు చదివి, తిట్టుకుని, ఊరుకున్నారు.

మా బడిలో ఆడపిల్లలు కొద్దిమందే. ఆటల పీరియడులో మగపిల్లలు మైదానంలోకి ఉరికితే, వాళ్లు ఒక గదిలో కూర్చుని కుట్లు కుట్టుకునేవారు. వాళ్ల తరఫు సభ్యురాలు మహబూబ్బీ. తండ్రి బట్టల వ్యాపారి. ఆ అమ్మాయి తీర్మానం పెట్టింది, వారానికి రెండు రోజులు మైదానం ఆడపిల్లలదని. రబ్బరు రింగును నెట్టు మీదుగా విసురుకునే రింగు ఆట ఆడుకుంటారట. సంఘంలో నెగ్గింది. నా బల్ల మీదికి వచ్చింది.

మా మైదానానికి అప్పట్లో ప్రహరీ లేదు. పక్కనే రోడ్డు. బస్సులు, బండ్లు, బజారుకు పోయే జనం. ఆడపిల్లలు అక్కడ గంతులు వేస్తుంటే తల్లిదండ్రులు ఊరుకోరని, ఉన్న కొద్దిమందినీ బడి మాన్పిస్తారని నాకు నిజంగానే భయం వేసింది. మహబూబ్బీని పిలిచి, నెమ్మదిగా నచ్చజెప్పబోయాను. ప్రహరీ కట్టాక చూద్దామన్నాను.

ఆ అమ్మాయి అంతా విన్నది. వాదించలేదు.

"మీరు వద్దంటే వద్దు సార్. బోర్డులో కారణం రాయండి. మేం చదువుకుంటాం" అని చెప్పి, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

కాగితం తీసుకున్నాను. "రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తారు కనుక" అని రాశాను. మగపిల్లలను కూడా చూస్తారు కదా అనిపించి కొట్టేశాను. "తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పవచ్చు కనుక" అని రాశాను. ఇంతవరకు ఏ తల్లీ తండ్రీ చెప్పలేదు, చెప్పింది నేనే. అదీ కొట్టేశాను. ఇంకో కాగితం తీశాను. ఏది రాసినా, ఆ పిల్లలు బోర్డు ముందు నిలబడి నా సంతకం దాకా చదవడం కళ్ల ముందు కనపడింది. వాళ్ల ముందు నిలబడగలిగే కారణం నాకు ఒక్కటీ దొరకలేదు.

తీర్మానం కాగితం దగ్గరికి లాక్కుని, కింద సంతకం పెట్టాను. డ్రిల్లు మాస్టరును పిలిచి, మైదానంలో రోడ్డుకు దూరంగా ఉన్న వైపు రింగు ఆటకు నెట్టు కట్టించమన్నాను. అంతలోనే ఆగి, ఏ వైపు కావాలో నేను చెప్పకూడదనిపించి, మహబూబ్బీని అడిగి కట్టమన్నాను.

ఆ అమ్మాయి రోడ్డు వైపే కట్టమంది. అక్కడ నేల చదునుగా ఉందట.